పాలపన్ను దాచాలా, తుంటి ఎముక అతికించాలా? మూలకణాల గురించి ఒక సందేహం

ప్రశ్న: శ్రావణమేఘం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో కొద్ది రోజులుగా రెండు వేర్వేరు విషయాల మీద చర్చ నడుస్తోంది. రెండింటిలోనూ మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే ఇతర కణాలుగా మారగల కణాలు) అనే మాటే వినిపిస్తోంది గానీ, ఆ మాటను ఎంతవరకు నమ్మాలో మాకు తెలియడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటిది మా తమ్ముడి కొడుకు సంగతి. వాడికి తొమ్మిదేళ్లు, గ్రహణం మొర్రితో పుట్టాడు. నెలల పిల్లవాడుగా ఉన్నప్పుడు పెదవి, ఏడాది దాటాక అంగిలి కుట్టారు. మాట కూడా బాగానే కుదుటపడింది. అయితే పైదవడలో ఎడమవైపు చిగురు కింది ఎముక ఇంకా చీలిపోయే ఉందని, కోరపన్ను దిగేలోపు తుంటి నుంచి ఎముక తీసి ఆ ఖాళీని నింపాలని వైద్యులు చెప్పారు. ఇంతలో మా తమ్ముడు ఒక వీడియో చూసి, మూలకణాలతో దవడ ఎముకనే పెంచుతున్నారట, పసివాడి తుంటి కోయించడం ఎందుకు, రెండు మూడేళ్లు ఆగుదాం అని పట్టుబట్టాడు. ఆ చీలిక దగ్గర ఒక పన్ను పుట్టుకతోనే లేదు, అది కూడా మూలకణాలతో మొలుస్తుందని ఆ వీడియోలో చెప్పారట.

రెండవది మా అమ్మాయి సంగతి. దానికి ఎనిమిదేళ్లు, పాలపళ్లు ఊడుతున్నాయి. మా అపార్ట్‌మెంటుకు ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, ఊడిన పాలపన్నును తమ వద్ద గడ్డకట్టించి భద్రపరిస్తే రేపు రక్త క్యాన్సర్ వచ్చినా, మధుమేహం వచ్చినా అందులోని మూలకణాలే కాపాడతాయని చెప్పి, మా అమ్మాయి ఏడాది బడి ఫీజుతో సమానమైన మొత్తం అడిగాడు. మా అత్తగారు మాత్రం పాలపన్నును పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరాలి గానీ అద్దె కట్టి దాచడమేమిటని నవ్వి ఊరుకున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: పాతకత్తెర

అమ్మా, నేను నోటి, దవడల శస్త్రచికిత్సలో మూడు దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ రెండు ప్రశ్నలలో తొందర ఉన్నది మొదటిదానికే కనుక దాని గురించే రాస్తాను, పాలపన్ను సంగతి కణాల మీద పనిచేసేవారు నాకంటే బాగా చెప్పగలరు.

మీ తమ్ముడిని ఆగవద్దని చెప్పండి. చీలిన చిగురు ఎముకను ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య నింపడం వెనుక ఉన్న కారణం కోరపన్ను. ఆ పన్ను వేరు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా తయారై, పన్ను ఇంకా బయటికి రాకముందే ఖాళీని ఎముకతో నింపితే, అది ఆ కొత్త ఎముకలోంచే దారి చేసుకుని దిగుతుంది. పన్ను దిగిన చోట ఎముక నిలుస్తుంది, పన్ను లేని చోట నెమ్మదిగా కరిగిపోతుంది. ఖాళీ అలాగే ఉండగా కోరపన్ను దిగితే చీలిక వైపు దాని వేరుకు ఎముక ఆసరా ఉండదు, ఆ తరువాత చేసే ఎముక మార్పిడి ఫలితం కూడా తగ్గుతుంది. అమెరికాలో బోయిన్, శాండ్స్ అనే వైద్యులు 1972లో ఈ పద్ధతిని ప్రచురించిన నాటి నుంచి ఎన్నో మార్పులు వచ్చినా, కోరపన్నును చూసి సమయం నిర్ణయించాలన్న సూత్రం మాత్రం మారలేదు. పరిశోధన ఎప్పటికైనా ఫలించవచ్చు గానీ కోరపన్ను అప్పటిదాకా ఆగదు.

ఇక మీ తమ్ముడికి నచ్చే మాట ఒకటి చెబుతాను, ఇది ఓదార్పు కోసం చెబుతున్నది కాదు. తుంటి ఎముక లోపలి నుంచి మేము గోకి తీసేది పైన ఉండే గట్టి పెంకు కాదు, దాని కింద మజ్జతో తడిసి స్పాంజిలా ఉండే మెత్తని ఎముక. అందులో ఎముకను కట్టే కణాలూ, వాటికి తల్లికణాలైన మూలకణాలూ బ్రతికే ఉంటాయి, అవి అతుక్కుని పెరగడానికి కావలసిన చట్రం కూడా దానితోనే వస్తుంది. కొన్ని నెలలకు ఆ పలుకులన్నీ కలిసి, పన్నును కదిలించడానికి పనికివచ్చే నిజమైన దవడ ఎముకగా మారుతాయి. ప్రయోగశాలలో కణాలను పెంచి, కృత్రిమ చట్రంలో నింపి, పెరుగుదల ప్రోటీన్లు జోడించి సాధించాలని చూస్తున్నది దాదాపు ఇదే. అంటే మూలకణాల చికిత్సను కాదని తుంటి కోస్తున్నారని మీ తమ్ముడు అనుకుంటున్నాడు గానీ, చేయబోయేది పిల్లవాడి సొంత మూలకణాలతో, వాటి చట్రంతో సహా చేసే చికిత్సే.

వీడియోలలో చెప్పేవన్నీ కట్టుకథలు కావు. 2004లో జర్మనీలోని కీల్ నగరంలో వార్న్‌కే బృందం, క్యాన్సర్ వల్ల కింది దవడ కోల్పోయిన 56 ఏళ్ల మనిషికి, టైటానియం జల్లెడను దవడ ఆకారంలో మలిచి, అందులో ఎముక ఖనిజపు ముక్కలు, అతని సొంత ఎముకమజ్జ, ఎముక పెరుగుదలను ప్రేరేపించే బీఎంపీ-7 అనే ప్రోటీన్ నింపి, అతని వీపు కండరంలోనే 7 వారాలు పెంచి, తరువాత రక్తనాళాలతో సహా దవడకు మార్చింది. అతడు తొమ్మిదేళ్ల తరువాత మొదటిసారి గట్టి ఆహారం తిన్నాడు. 2009లో ఫిన్లాండ్ వైద్యులు మరొక వ్యక్తి కొవ్వు నుంచి తీసిన మూలకణాలను పెంచి, బీఎంపీ-2తో కలిపి, పొట్ట కండరంలో 8 నెలలు ఉంచి పైదవడను పునర్నిర్మించినట్టు ప్రచురించారు. బ్రెజిల్‌లో పిల్లల పాలపళ్ల కణాలతోనే చిగురు చీలికను నింపే ప్రయత్నాలు కొద్దిమందిపై జరిగాయి. మొదటి రెండూ పెద్దవారిపై, ఒక్కొక్కరి కోసం ప్రత్యేకంగా చేసినవి, పైగా వాటిలో కణాలకు తోడు బీఎంపీ ప్రోటీన్ల బలం కూడా ఉంది. బీఎంపీ-2 కలిపిన వైద్య ఉత్పత్తిని ఎదుగుతున్న ఎముకలున్న పిల్లలలో వాడరాదని అమెరికా అనుమతి పత్రంలోనే ఉంది. తొమ్మిదేళ్ల పిల్లవాడి విషయంలో ఆ మాటను పక్కన పెట్టలేము.

పక్కదారి అయినా మన ప్రాంతానికి సంబంధించినది కనుక ఒక మాట. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే స్త్రీలు, అంటే అడ్డపొగ అలవాటున్నవారు, అంగిలి క్యాన్సర్‌తో వచ్చేవారు. అంగిలితో పాటు దవడ కొంత తీసేసిన తరువాత వారికి మూలకణాలు పెట్టవచ్చు కదా అని కుటుంబాలు ఇప్పుడు అడుగుతున్నాయి. క్యాన్సర్ ఉన్న చోట పెరుగుదలను ప్రోత్సహించే ప్రోటీన్లను, కణాలను పెట్టడానికి ఏ వైద్యుడైనా వెనుకాడతాడు. అక్కడ ఇప్పటికీ నమ్మకమైనవి అంగిలిని మూసే కట్టుడు పలక, లేదా కాలిలోని ఫిబులా ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతికించడం.

జవాబు: సూక్ష్మదర్శిని

శ్రావణమేఘం గారికి, పాతకత్తెర గారికి నమస్కారం. నేను కణజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, పంటి కణాలతోనే కొన్నేళ్లు గడిపాను కనుక రెండవ ప్రశ్నకు నాకు తెలిసినంతలో సమాధానం రాస్తాను.

పాలపన్నులో మూలకణాలు ఉన్న మాట నిజం. పెద్దవారి జ్ఞానదంతాల లోపలి మెత్తని గుజ్జులో మూలకణాలు ఉన్నాయని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న గ్రోంథోస్, షీ తదితరులు 2000లో ప్రకటించారు. ఆ తరువాత పిల్లల దంతవైద్యుడు కూడా అయిన సోంగ్‌టావో షీ, తన చిన్న కూతురి పాలపన్ను ఊడినప్పుడు దాని లోపల ఎర్రని కణజాలం మిగిలి ఉండడం గమనించి, మరికొన్ని పళ్లు సేకరించి పరీక్షించగా, వాటిలోనూ మూలకణాలు కనిపించాయి. 2003లో వెలువడిన ఆ పరిశోధనలో ఒక్కో ముందు పాలపన్ను నుంచి వారికి దొరికిన మూలకణాలు సుమారు 12 నుంచి 20. వేలు కాదు, లక్షలు కాదు, మన చేతులకూ కాళ్లకూ కలిపి ఉన్న వేళ్లను మించవు. అవి చురుకుగా విభజన చెందుతాయి కనుక ప్రయోగశాలలో సంఖ్యను పెంచవచ్చు, కానీ పెంచే కొద్దీ కణాలు ముసలివవుతాయి, స్వభావం మారే అవకాశం కూడా ఉంటుంది. పైగా ఎలుకలలో ఆ పాలపంటి కణాలు పంటి లోపలి గట్టి పొర అయిన డెంటిన్‌ను తయారు చేశాయి, చుట్టుపక్కల కణాల చేత ఎముకను కట్టించాయి గానీ, పెద్దవారి పంటి కణాలలాగా గుజ్జూ డెంటినూ కలిసిన నిర్మాణాన్ని పూర్తిగా ఇవ్వలేదు.

ఊడిన ప్రతి పన్నులోనూ ఆ గుజ్జు బ్రతికి ఉండదు. చాలా రోజులు వేలాడి, వేరు పూర్తిగా కరిగి, అన్నం తింటుండగా రాలిపోయిన పన్నులో మిగిలేది తరచుగా ఖాళీ గుల్ల, పుచ్చిన పన్ను అయితే బ్యాక్టీరియా. మంచి పన్ను అయినా పోషక ద్రవంలో, చల్లదనంలో త్వరగా ప్రయోగశాల చేరాలి. చేరిన తరువాత దానిలో బ్రతికిన కణాలు ఎన్ని, సూక్ష్మజీవులు ఉన్నాయా లేవా అని పరీక్షించి తల్లిదండ్రులకు లిఖితపూర్వకంగా ఇవ్వాలి.

ప్రతినిధి చెప్పిన రక్త క్యాన్సర్ మాట మాత్రం నాకు చాలా అభ్యంతరకరంగా అనిపించింది. ఎముకమజ్జలో, బొడ్డుతాడు రక్తంలో ఉండే రక్త మూలకణాలు వేరు, పంటి గుజ్జులోని మూలకణాలు వేరు. మొదటివి రక్తాన్ని తయారు చేస్తాయి, రక్త క్యాన్సర్‌లో మార్పిడి చేసేది వాటినే. పంటి కణాలు ఎముక, డెంటిన్, కొవ్వు వంటి కణజాలాల వైపు మళ్లేవి, వాటితో రక్తాన్ని పుట్టించి క్యాన్సర్ నయం చేసే చికిత్స ఎక్కడా లేదు. బొడ్డుతాడు బ్యాంకుల ప్రకటనలో వాక్యాలను పంటికి అతికించి ఇంటింటికీ తిప్పుతున్నారనిపిస్తోంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో ప్రకటించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో వాణిజ్యపరంగా నిల్వ చేయడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికి మాత్రమే, పంటి గుజ్జు సహా మిగిలిన జీవపదార్థాల వాణిజ్య నిల్వకు అనుమతి లేదు. అవే మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప మిగిలిన మూలకణ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి, అందులో పాల్గొనే రోగి నుంచి చికిత్సకు డబ్బు వసూలు చేయరాదు. ఎవరైనా దవడకో ముఖానికో మూలకణాలు ఎక్కిస్తామంటే, ఆ పరిశోధన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఏ సంఖ్యతో నమోదైందో అడగండి, ఆ పట్టిక ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

అలాగని మూలకణాలంటేనే మోసమని అనుకోవద్దు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను మార్పిడి చేస్తున్నారు. రసాయనాలు పడి చూపు పోయినవారికి, బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని మరిన్ని ముక్కలు చేసి దెబ్బతిన్న కంటిపై పరిచే సులువైన పద్ధతిని అక్కడివారే రూపొందించి 2012లో ప్రచురించారు. అక్కడ విజయం దక్కడానికి కారణం, పరచవలసింది పలుచని ఒకే పొర కావడం. పన్ను అలా కాదు. దానిలో ఎనామిల్ (పంటి పైన ఉండే గట్టి పొర), డెంటిన్, గుజ్జు, వేరును ఎముకకు కట్టే తంతువులు, నరాలు, రక్తనాళాలు అన్నీ సరైన ఆకారంలో కుదరాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు ఎనామిల్. దాన్ని తయారు చేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే నశించిపోతాయి, గుజ్జులోని మూలకణాలు డెంటిన్‌ను కట్టగలవు గానీ ఎనామిల్‌ను కట్టలేవు. జపాన్‌లో త్సుజీ బృందం 2009లో ఎలుకకు పూర్తి పన్నును మొలిపించింది, అయితే అందుకు వాడినవి పిండదశలోని ఎలుకల పంటి మొగ్గ కణాలు. మనిషికి అటువంటి కణాలు ఎక్కడి నుంచి తెస్తాం?

మీ మేనల్లుడికి లేని పన్ను గురించి వీడియోలో చెప్పింది బహుశా జపాన్ నగరమైన క్యోటో నుంచి వచ్చిన వార్త అయి ఉంటుంది. తకాహాషి బృందం యూసాగ్-1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ మందును ఎలుకలలో, ముంగిస వంటి చిన్న జంతువులైన ఫెరెట్లలో పరీక్షించి, 2024లో క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మనుషులపై తొలి దశ పరీక్ష మొదలుపెట్టింది. అందులో చేర్చుకున్నది 30 నుంచి 64 ఏళ్ల మధ్య పురుషులను, చూడదలచినది మందు సురక్షితమా కాదా అని. అది మూలకణాలను ఎక్కించే చికిత్స కాదు, శరీరంలోనే నిద్రాణంగా ఉన్న పంటి మొగ్గకు పడిన అడ్డును తొలగించే ప్రయత్నం. పుట్టుకతో పళ్లు లేని పిల్లల కోసమే ఆ పరిశోధన సాగుతున్నది గనుక నాకు దానిపై ఆశ ఉంది, కానీ చీలిక దగ్గర మొలిచే పన్నుకైనా కింద ఎముక ఉండాలి కదా. ఆ లెక్కన చూసినా పాతకత్తెర గారి సలహానే సరైనది.

జవాబు: గోదావరిగట్టు

వైద్య విషయాలు నాకు తెలియవు, అనుభవం మాత్రం చెబుతాను. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి పాలపన్నును ఇటువంటి ఒక సంస్థలోనే దాచాము. అందమైన పెట్టె, అబ్బాయి పేరుతో ధ్రువపత్రం వచ్చాయి. బ్రతికిన కణాలు ఎన్ని అని సూక్ష్మదర్శిని గారు పైన రాసిన ప్రశ్ననే నేను మూడుసార్లు ఈమెయిల్ ద్వారా అడిగితే, ప్రతిసారీ వార్షిక రుసుము చెల్లించమన్న లేఖే జవాబుగా వచ్చింది. ఆ తరువాత కట్టడం మానేశాను, పన్ను ఏమైందో తెలియదు.

శ్రావణమేఘం (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. పాతకత్తెర గారి జవాబును మా తమ్ముడికి చదివి వినిపించాను, తుంటిలోంచి తీసేదాంట్లోనే మూలకణాలు ఉంటాయన్న మాట దగ్గర ఆగి మళ్లీ చదవమన్నాడు. పిల్లవాడు ఎన్నాళ్లు నడవలేడు అన్నది ఇప్పుడు అతని భయం. ఇంకొక సందేహం కూడా ఉంది. మా అమ్మాయి పోయిన నెల సైకిల్ మీద నుంచి పడింది. కొత్తగా వచ్చిన పై పన్ను కాస్త కదిలి, ఇప్పుడు కొంచెం రంగు మారింది. రూట్ కెనాల్ చేయించాలని ఒకరు, అవసరం లేదని మరొకరు అంటున్నారు. దీనికి కూడా మూలకణాల చికిత్స ఉందా?

జవాబు: వేరుదారి

శ్రావణమేఘం గారూ, నేను రూట్ కెనాల్ చికిత్సలు చేసే దంతవైద్యురాలిని. మూలకణాలు దంతవైద్యుల కుర్చీ దాకా నిజంగా వచ్చిన చోటు మీరు అడిగిన ఈ ఒక్కటే అని చెప్పవచ్చు.

ఎనిమిదేళ్ల వయసులో ముందు పన్ను బయటికి వచ్చినా, వేరు ఇంకా పూర్తి కాదు. దాని కొస సన్నబడకుండా గరాటులా తెరుచుకుని ఉంటుంది. ఆ వెడల్పైన దారిలో రక్తప్రసారం బాగా ఉండడం వల్ల దెబ్బ తగిలిన గుజ్జు తనంతట తానే కోలుకోవడం తరచుగా చూస్తాం, కనుక రంగు మారిందన్న ఒక్క కారణంతో తొందరపడి గుజ్జు తీసేయకూడదు. చల్లదనపు పరీక్షకు దెబ్బ తగిలిన కొత్తలో స్పందన లేకపోవడం కూడా మామూలే. కొన్ని వారాల వ్యవధితో ఎక్స్‌రేలు తీసి, పక్క పన్నుతో పోల్చి వేరు ఎదుగుతోందా లేదా అని చూడాలి. చిగురుపై చీముపొక్కు, నొప్పి, ఎక్స్‌రేలో వేరు కొస దగ్గర నల్లని నీడ వంటివి కనిపిస్తేనే గుజ్జు చనిపోయిందని నిర్ణయిస్తాం.

ఒకవేళ చనిపోయినా మామూలు రూట్ కెనాల్ అక్కడ సరిపడదు, ఎందుకంటే వేరు గోడలు పలుచగా ఉండి తరువాత విరిగే ప్రమాదం ఉంటుంది. 2000 తరువాతి సంవత్సరాలలో ప్రాచుర్యం పొందిన పద్ధతి ఏమిటంటే, కాలువను గీకకుండా పలుచని హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ వంటి మందు కొన్ని వారాలు ఉంచి, తరువాతి సారి వేరు కొస అవతల సన్నని సూదితో తాకి కాలువలోకి రక్తం వచ్చేలా చేసి, ఆ గడ్డపై సిమెంటు వంటి పదార్థంతో మూస్తాం. ఆ రక్తంతో పాటు వేరు కొస చుట్టూ ఉండే మూలకణాలు కూడా లోపలికి వస్తాయి. శరీరమంతా తిరిగే రక్తంతో పోలిస్తే ఈ కాలువలోని రక్తంలో మూలకణాల గుర్తులు 600 రెట్ల వరకు ఎక్కువగా కనిపించాయని 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. బయటి నుంచి కణాలు కొని తెచ్చే పని లేదు, నిల్వ చేసే పని లేదు. నిజాయితీగా ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ పద్ధతిలో లోపల పెరిగేది చాలాసార్లు అసలు గుజ్జు కాదు, ఎముకకూ, వేరుపై ఉండే సిమెంటమ్ అనే పొరకూ దగ్గరగా ఉండే కణజాలం. అయినా ఇన్ఫెక్షన్ తగ్గడానికి, చాలామందిలో వేరు కొస మూసుకోవడానికి అది పనికివస్తోంది.

పాలపంటి కణాలతో అసలు గుజ్జునే తిరిగి తెచ్చే ప్రయత్నం చైనాలోని షియాన్‌లో జరిగింది. 2018లో ప్రచురించిన ఆ పరిశోధనలో, దెబ్బ తగిలి ముందు పన్ను గుజ్జు చనిపోయిన పిల్లలకు, వారి నోటిలోనే ఉన్న పాలపన్ను నుంచి తీసిన గుజ్జు కణాలను పెంచి పెట్టారు. ఏడాది తరువాత పరీక్షించిన 26 మందిలో రక్తప్రసారం, స్పర్శ తిరిగి వచ్చాయని, వేరు ఎదిగిందని, పాత పద్ధతిలో చికిత్స పొందిన 10 మందిలో అలా జరగలేదని రాశారు. జపాన్‌లో నకాషిమా బృందం 2017లో అయిదుగురు పెద్దవారిలో ఇటువంటిదే ప్రయత్నించింది. రెండింటిలోనూ కణాలు తీసింది చికిత్స అవసరమైనప్పుడు, అదే మనిషి నోటి నుంచి. ఏళ్ల తరబడి ఎక్కడో గడ్డకట్టించిన పన్ను నుంచి కాదు. వేరు పూర్తయిన పెద్దవారి పన్నులో కొస దారి మిల్లీమీటరులో కొంత భాగమే ఉంటుంది కనుక, కణాలు ఉన్నా వాటికి రక్తం అందించడమే పెద్ద సమస్య.

సైకిల్ తొక్కే పిల్లలున్న ఇల్లు కనుక ఇది కూడా గుర్తుంచుకోండి. శాశ్వత పన్ను మొత్తంగా ఊడి కింద పడితే, వేరును ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని తీసి, మట్టి ఉంటే ఒక్కసారి మెల్లగా కడిగి, వెంటనే గుంటలో పెట్టండి. అలా పెట్టలేకపోతే చల్లని పాలలో వేసి గంటలోపు దంతవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. వేరుపై అంటుకుని ఉన్న సజీవ కణాలే పన్నును మళ్లీ ఎముకకు కడతాయి. మట్టి పోవాలని బట్టతో రుద్దితే పోయేవి ఆ కణాలే.

జవాబు: పాతకత్తెర

వేరుదారి గారు చెప్పిన చివరి మాటను బడులలో గోడల మీద రాయాలి.

నడక గురించి మీ తమ్ముడు భయపడనక్కరలేదు. ఈ వయసులో తుంటి అంచు పైన ఇంకా మృదులాస్థి కప్పు ఉంటుంది, దాన్ని మూతలా తెరిచి లోపలి మెత్తని ఎముక తీసుకుని మళ్లీ మూసేస్తాం. చాలామంది పిల్లలు ఒకటి రెండు రోజులలో లేచి నడుస్తారు, కొద్ది రోజులు కుంటుతారు, కొన్ని వారాల పాటు పరుగులు, ఆటలు వద్దంటాం. తుంటి గాయం కంటే నోటి గాయాన్నే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ కుట్టు విడిపోతే పెట్టిన ఎముక లాలాజలంలో తడిసి పాడవుతుంది.

ఆపరేషన్‌కు ముందు పళ్ల వరుస సరిచేసే వైద్యుడికి (ఆర్థోడాంటిస్టుకు) చూపించి పైదవడ ఇరుకుగా ఉంటే వెడల్పు చేయించాలా అని అడగండి. పుచ్చిన పళ్లు ఉంటే ముందే బాగు చేయించండి. చీలికలో అదనపు పన్నో, పాలపన్నో ఇరుక్కుని ఉంటే కొన్ని వారాల ముందే తీయించాలి, అక్కడి చిగురు మానిన తరువాతే ఎముక పెట్టాలి. ఖర్చు విషయానికి వస్తే, గ్రహణం మొర్రి కేంద్ర ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం పరిధిలో ఉన్న లోపాలలో ఒకటి కనుక, పిల్లవాడు చదివే బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని గానీ జిల్లా కేంద్రంలోని బాలల సత్వర చికిత్సా కేంద్రాన్ని గానీ సంప్రదించవచ్చు. కోరపన్ను ఎంత దిగిందో చూపే తాజా ఎక్స్‌రే ఉంటే వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లమనండి. ఆరు నెలలకు ముందు తీసినది అయితే కొత్తది తీయించాలి.